మూత తీయని డబ్బాలు

నెట్‌వర్క్ మార్కెటింగ్ కూడా వ్యాపారమే కదా సార్ అని నన్ను అడిగే పిల్లలు నెలకు ఒకరిద్దరు తగులుతూనే ఉంటారు. రిటైరయ్యాక కూడా తగ్గలేదు. వాళ్ళలో సగం మంది అప్పటికే చేరిపోయి ఉంటారు కాబట్టి జవాబు కంటే ఆశీర్వాదం కోసమే వస్తారు. నేను టీ ఇచ్చి పంపిస్తాను. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గింది గనక ఈసారి రాసి పెడుతున్నాను.

నన్నే ఎందుకు అడుగుతారంటే, మార్కాపురంలో ఒక బ్యాంకు నడిపే స్వయం ఉపాధి శిక్షణ కేంద్రంలో పాతికేళ్ళు పాఠాలు చెప్పినవాడిని. కుట్టుపని, సెల్‌ఫోన్ రిపేరు, బ్యూటీ పార్లరు, ఏ బ్యాచ్ వచ్చినా మొదటి మూడు రోజులు నావి. వ్యాపారం ఎలా మొదలుపెట్టాలి, ధర ఎలా కట్టాలి, అరువు అడిగినవాడికి నవ్వుతూ లేదని ఎలా చెప్పాలి, ఇవి నా పాఠాలు. రిస్కు తీసుకోండి, సొంత కాళ్ళ మీద నిలబడండి అని వందల మందికి చెప్పి, ఒకటో తారీఖున జీతం తీసుకునేవాడిని. ఈ సంగతిని ఇన్నేళ్ళలో ఒక్క విద్యార్థి కూడా ఎత్తి చూపలేదు. మా పక్క పిల్లలు మర్యాదస్తులు.

జవాబు ముందే చెప్పేస్తాను. సరుకు చివరికి ఎవరింట్లో ఖర్చవుతుందో చూడండి. చేరనివాళ్ళు, చేరే ఉద్దేశం లేనివాళ్ళు దాన్ని కొని, వాడి, అయిపోయాక మళ్ళీ కావాలని అడిగితే అది వ్యాపారమే. అంగడి పెట్టి అమ్మినా, సంచీ తగిలించుకుని ఇంటింటికీ తిరిగి అమ్మినా తేడా లేదు. కొనేవాళ్ళంతా చేరినవాళ్ళే అయి, రాబడి మనుషులను చేర్చడంలోనే ఉంటే అది వ్యాపారం కాదు, ఎంత మంచి కోటు వేసుకుని చేసినా సరే. చట్టం కూడా దాదాపు ఇదే చెబుతుంది. చట్టానికి ఈ విషయం నాకంటే ముందే తెలుసు. నాకు తెలియడానికి ఉద్యోగం చివరి రోజుల్లో ఒక తప్పు చేయాల్సి వచ్చింది.

మా కేంద్రంలో ఒక పద్ధతి ఉండేది. శిక్షణ అయిపోయిన పిల్లలను రెండేళ్ళ పాటు గమనించి, సొంతంగా ఏదైనా పెట్టుకున్నవాళ్ళ పేరు ఎదురుగా 'సెటిల్డ్' అని రాయాలి. పై ఆఫీసు మమ్మల్ని కొలిచేది ఆ మాటతోనే. దాంతోపాటు మూడు నెలలకు రెండు విజయగాథలు, ఫోటోలతో సహా పంపాలి. ఆ గాథలు రాసేది నేను. ప్రతిదాంట్లోనూ 'ఉక్కు సంకల్పం' అనే మాట ఉండేది. పై ఆఫీసుకు ఆ మాట నచ్చేది, నాకు అలవాటైపోయింది.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. మూడో రోజున ప్రతి విద్యార్థీ మార్కెట్ సర్వే చేయాలి. ఒక కాగితం పట్టుకుని ఊళ్ళోకి పోయి, ముఖపరిచయం లేని పది మందిని కలిసి, నేను ఫలానాది అమ్మితే కొంటారా, ఎంతకు కొంటారు, ఇప్పుడు ఎక్కడ కొంటున్నారు అని అడిగి రాసుకురావాలి. తర్వాత పని మార్చుకుంటే కొత్తదానికి మళ్ళీ చేయాలి. పిల్లలు సిగ్గుపడి ఏడ్చినా వదిలేవాడిని కాను. నా పాఠాల్లో పనికొచ్చేది అదొక్కటేనని నా నమ్మకం. ఆ ఒక్కటే నేను ఒక అమ్మాయి విషయంలో వదిలేశాను.

ఆ అమ్మాయి కొనకనమిట్ల మండలంలో ఒక ఊరి నుంచి కుట్టు బ్యాచ్‌లో చేరింది. గొర్రెలు మేపుకునే కుటుంబం. డిగ్రీ మధ్యలో ఆపేసింది. కుట్టు ఒక మాదిరి. అయితే నేర్చుకునే పదో రోజునే, తను కుట్టిన వంకర జాకెట్టును మా వాచ్‌మన్ భార్యకు అమ్మేసింది. ఆమె వంకర అని తెలిసే కొనుక్కుంది, కొనుక్కుని సంతోషించింది కూడా. మా కుట్టు టీచరమ్మ ఆ రోజు నాతో, "ఈ పిల్లకు కత్తెర ఎందుకు సార్, నోరు ఉండాది గదా," అంది.

ఏడాది తిరక్కముందే ఆ అమ్మాయి మా ఆఫీసుకు వచ్చింది. నడి వేసవి. చుడీదార్ మీద నల్లకోటు వేసుకుంది. చంకలో ఫైలు.

"సార్, నేను సెటిల్ అయినా. రాసుకోండి."

"ఏం పెట్టినావమ్మా?"

"హెల్త్ సార్."

"అంటే?"

"పొడి సార్. పాలల్లో కలుపుకొని తాగేది. మోకాళ్ళ నొప్పులకు, షుగరుకు, నీరసానికి."

"మూడింటికీ ఒకటే డబ్బానా?"

"ఒకటే సార్. ఫ్లేవర్లు వేరే."

నేను అక్కడే ఆగి ఉండాల్సింది. కానీ ఆ బ్యాచ్‌లో సెటిల్ అయినవాళ్ళు తక్కువ, డైరెక్టరు గారు పొద్దుట్నుంచీ ఆ మాటే తలుచుకుంటున్నారు. ఫారంలో 'వ్యాపారం రకం' అనే గడిలో 'ఆరోగ్య ఉత్పత్తుల విక్రయం, సొంతం' అని రాశాను. నేను రాసిన కల్పనా సాహిత్యమంతా అలాంటి గడుల్లోనే ఉంది. డైరెక్టరు గారు కోటు చూసి ముచ్చటపడి, "విజయగాథ కూడా రాసేయండి. ఫోటో మాత్రం కోటుతోనే," అన్నారు.

టీచరమ్మ పక్కనే దారం చుట్టుకుంటూ వింటోంది.

"ఈ పొడికి సర్వే చేపించినారా సార్?"

"అమ్ముతూనే ఉంది కదమ్మా, ఇంకా సర్వే ఏముంది?"

"అమ్మేది మీరు చూసినారా?"

చూడలేదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు. 'ఉక్కు సంకల్పం' కలిపి పేజీన్నర రాసి, సంతకం పెట్టి, కేంద్రం ముద్ర వేసి పంపాను. ఒక కాపీ నోటీసు బోర్డు మీద అంటించాను. ఇంకొకటి ఆ అమ్మాయి అడిగితే ఇచ్చాను.

ఆ కాపీని నేను మళ్ళీ చూసింది రెండు నెలల తర్వాత ఒక ఆదివారం, గిద్దలూరులో ఒక ఫంక్షన్ హాల్లో. వాళ్ళ కంపెనీ సభకు నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. ముఖ్య అతిథి అన్నారు కాబట్టి వెళ్ళాను. శాలువా కప్పారు, ఒక డబ్బా చేతికిచ్చారు. ఆ అమ్మాయిని చేర్చిన సీనియర్ ఒకతను ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఆ ఉక్కలో కూడా టై కట్టుకున్నాడు. అందరూ అతన్ని అన్నా అంటున్నారు, వాళ్ళలో అతని కంటే ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళు కూడా ఉన్నారు. అతను మైకు పట్టుకుని తెర వైపు చెయ్యి చూపించాడు. తెర మీద నా పేజీన్నర. కింద నా సంతకం, నా అంత ఎత్తున. అంత పెద్దగా నేనెప్పుడూ చూసుకోలేదు. చివర కొంచెం పక్కకు ఒరిగింది.

"గవర్నమెంటే గుర్తించిన వ్యాపారం," అన్నాడు సీనియరన్న. చప్పట్లు.

మాది గవర్నమెంటు కూడా కాదు. ఆ మాట చెబుదామని మైకు తీసుకున్నాను. "ఒక విషయం స్పష్టం చేయాలి," అన్నాను. చప్పట్లు. "నేను రాసింది ఒక అమ్మాయి కష్టం గురించి మాత్రమే," అన్నాను. ఇంకా పెద్ద చప్పట్లు. అక్కడ ఏం చెప్పినా చప్పట్లు కొట్టాలని ముందే నేర్పినట్టుంది. మైకులో దగ్గాను, దానికి కూడా ఒక మూల నుంచి కొట్టారు. మైకు ఇచ్చేసి కూర్చున్నాను.

సభ అయ్యాక భోజనాల దగ్గర ఆ అమ్మాయి ఒక పెద్దావిడను వెంటబెట్టుకొచ్చింది.

"మా మేనత్త సార్. మంగళవారం నుంచి మా టీమే. పెట్టెల కొద్దీ డబ్బాలు ఒకేసారి కొని, డైరెక్టుగా పై మెట్టు నుంచి మొదలు."

"అన్ని డబ్బాలు ఒకేసారి కొంటారా?" అని అడిగాను ఆమెను.

"కొనాలంట గద సార్," అంది మేనత్త. "చూడి గొర్రెలు పన్నెండు ఇచ్చేస్తాండా. మంగళవారం పొద్దున్నే బండి వస్తాది. నాకు భయమే. మీరు మంచిదని రాసినారంట గదా, అది చదివి వినిపించినాక ధైర్యం చేసినా."

గొర్రెల సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. మా పక్క పొట్టేళ్ళను అమ్ముకుంటారు, ఆడవాటిని ఉంచుకుంటారు. బతుకు నడిచేది వాటితోనే. కడుపుతో ఉన్న గొర్రెలను బండెక్కించారంటే ఆ ఇంట్లో ఎవరో ఆస్పత్రిలో ఉన్నారని ఊరు అనుకుంటుంది. ఈమెకు భర్త పోయాడు, పిల్లలు లేరు, సెంటు భూమి లేదు. మంద తనే మేపుకుంటుంది. ఆ మందలో పన్నెండు చూడి గొర్రెలు పోతే మిగిలేది కర్ర.

నా చేతిలో శాలువా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఆ అమ్మాయిని పక్కకు పిలిచాను. వ్యాపారం మంచీ చెడ్డా గురించి ఉపన్యాసం ఇస్తే వినదు. అలాంటి ఉపన్యాసాలను ఎలా తిప్పికొట్టాలో ఆ హాల్లోనే అరగంట నేర్పారు. అందుకని ఒక్కటే అన్నాను.

"ఈ పొడికి నువ్వు మార్కెట్ సర్వే చేయలేదమ్మా. నా దగ్గర నీది ఒక్కటే బాకీ."

నవ్వింది. "ఇప్పుడేంది సార్ సర్వే? నేను జిల్లాలో టాప్ టెన్."

"రేపు పది ఇళ్ళు తిరుగుదాం. చేరే మాట ఎత్తకూడదు. ఉత్త డబ్బా అమ్మాలి. వాళ్ళు నీ చుట్టాలు కాకూడదు. పదిమందిలో ముగ్గురు కొంటే మా కేంద్రం లెటర్‌హెడ్ మీద కొత్త ఉత్తరం రాసిస్తా. కొనకపోతే మీ అత్త గొర్రెలు ఆగాలి."

"ముగ్గురేంది సార్, పదిమందికీ అమ్ముతా. కానీ చుట్టాలు కానోళ్ళు యాడ దొరుకుతారు? మా ఊర్లో అందరూ అత్తలూ మామలే."

"పక్క ఊరికి పోదాం."

"ఆడ కూడా అంతే సార్. కాకపోతే వరస కలిపేదానికి రెండు నిమిషాలు పడతాది."

సోమవారం సెలవు పెట్టి నా మోటారు సైకిల్ మీద నేను, స్కూటీ మీద ఆమె, పక్క ఊరికి వెళ్ళాం. సర్వే కాగితం నా జేబులో ఉంది. నమ్మకం నిండుగా ఉంది. ఎవరూ కొనరని నాకు ఖాయంగా తెలుసు.

మొదటి ఇంట్లో ఒక ముసలావిడ అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఈ అమ్మాయి వెళ్ళి పక్కన కూర్చుని తనూ గింజ తీయడం మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, ఇది తాగితే బలం వస్తాది."

"బలం ఉండాది పాపా. పనే లేదు," అంది ముసలావిడ. కొనలేదు. నేను కాగితం మీద సున్నా వేసుకున్నాను.

రెండో ఇల్లు ఆ ఊరి పాస్టరు గారిది. పాస్టరమ్మ మంచినీళ్ళిచ్చి అంతా విని, డబ్బా తిప్పి చూసింది.

"ఇందులో మనుషులను చేర్చే పని కూడా ఉంటాది గదా పాపా? ఒకరు ముగ్గురిని తేవాలని?"

ఆ అమ్మాయి నా వైపు చూసింది. చేరే మాట ఎత్తకూడదని షరతు.

"ఆ మాట మేమూ చెప్తాంలే," అంది పాస్టరమ్మ. "మా దాంట్లో కమిషన్ లేదు, అంతే." నవ్వి, ఒక డబ్బా తీసుకుంది. నీ గొంతు బాగుంది పాపా, ఆదివారం ఒకసారి వచ్చి పాడు అని కూడా అంది.

మధ్యాహ్నానికి పదో ఇల్లు అయింది. ఒకామెకు జాకెట్టు హుక్కు కుట్టిపెట్టి అమ్మింది. ఇంకొకామె కోడలి మీద చాడీలు అరగంట విని అమ్మింది. పదిమందిలో నలుగురు కొన్నారు. పరీక్ష పెట్టింది నేను, పేపరు దిద్దింది నేను, తప్పింది కూడా నేనే. ఆ క్షణంలో ఆమెకు ఉత్తరం బాకీ పడ్డాను. నా నమ్మకానికి కొద్దిగా దెబ్బ తగిలిందని ఒప్పుకుంటాను.

దుకాణం ముందు సోడా తాగుతుంటే ఆమె నా మొహం చూసింది.

"మీకు ఇంకా డౌటే సార్. మా ఊరికి పోదాం పాండి. ఆరు నెలల నుంచి తీసుకునే కస్టమర్లను చూపిస్తా. వాళ్ళనే అడగండి, పొడి ఎట్ల పని చేసిందో."

ఈ మాట నేను అనలేదు. ఆమే అంది. నిజంగా నమ్మినవాళ్ళే అలా అనగలరు. ఆ తర్వాత జరిగినదానికి నన్ను ఎవరైనా తెలివైనవాడంటే, దయచేసి ఈ పేరా చూపించండి.

వాళ్ళ ఊళ్ళో మొదటి ఇంటికి వెళ్ళాం. దేవుడి పటాల పక్కన అరలో ఐదు డబ్బాలు వరుసగా ఉన్నాయి. దేనికీ సీలు తీయలేదు.

"వాడతాండావా అత్తా?" అంది అమ్మాయి.

"వాడాలమ్మే. ఎండలు తగ్గినాక మొదలుపెడదామని."

రెండో ఇంట్లో ఒక డబ్బా మూత తీసి ఉంది. అమ్మాయి మొహం వెలిగింది. మూత గట్టిది, పురుగు పట్టదు అని ఆ ఇంటావిడ దాంట్లో కందిపప్పు పోసుకుంది. పొడి కవరుతో సహా గూట్లో ఉంది. మూడో ఇంట్లో మాత్రం డబ్బా నిజంగానే ఖాళీ. ఎవరు తాగారని అడిగాను. తల్లి చచ్చిపోయిన గొర్రెపిల్లకు నీళ్ళల్లో కలిపి పట్టారట. బాగానే తాగిందట. కాకపోతే డబ్బా ఖరీదు విన్న ఇంటాయన, మేకపాలు పడితే సరిపోతుందన్నాడట. ఆరు నెలల వ్యాపారంలో సరుకును పూర్తిగా వాడిన కస్టమరు అదొక్కటే. అది ఇంకా ఎవరినీ చేర్చలేదు.

నాలుగో ఇంటి నుంచి ప్రశ్నలు నన్ను అడగనివ్వలేదు. తనే అడిగింది, గొంతు తగ్గించి.

"ఎందుకు కొన్నావు పెద్దమ్మా మరి, తాగనప్పుడు?"

"నువ్వడిగితే వద్దంటానా పాపా?" అంది ఆమె. "ఈ చేతుల మీద పెరిగినావు. వచ్చి పెద్దమ్మా అంటివి. డబ్బా ఏంది, నువ్వు ఏం తెచ్చినా తీసుకుంటా."

తర్వాత ఐదు ఇళ్ళు కూడా అంతే. చేరాం కదా, నెలకొకటి కొనకపోతే పాయింట్లు పోతాయంట కదా అని కొందరు. నీ మాట తీసేయలేక అని కొందరు. తొమ్మిదో ఇల్లు అయ్యాక స్కూటీ స్టాండు వేసి, దాని మీదే కూర్చుండిపోయింది.

మా పక్క ముక్కూ మొహం తెలియనివాళ్ళను కూడా అత్తా, మామా, అన్నా, పెద్దమ్మా అనే పిలుస్తాం. పిలిచాక కాదనడం కష్టం. ఇది ఈ నేలలో పాతుకుపోయిన మర్యాద. ఆ కంపెనీ ఈ అమ్మాయి చేత పెట్టించిన పెట్టుబడి ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. పొడిని ఎవరూ కొనలేదు, ఆ పిలుపును కొన్నారు. అది ఒక్కో ఇంట్లో ఒక్కసారే చెల్లుతుంది. రెండోసారికి డబ్బా అర మీదికి పోతుంది, మూడోసారికి మనిషి తలుపు వెనక్కి పోతుంది. నా పది ఇళ్ళ సర్వేకు ఈ సంగతి పట్టే గడి లేదు. ఇన్నేళ్ళూ నేను అడిగించింది కొంటారా అని మాత్రమే. మళ్ళీ కొంటారా అని ఒక్కసారీ అడిగించలేదు.

మంగళవారం సంగతి చెప్పే ముందు, ఆ తర్వాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను. ఆ వారమే ఆమె పేరు ఎదురుగా 'సెటిల్డ్' కొట్టేసి 'నాట్ సెటిల్డ్' అని రాశాను. ఫారంలో వెనక్కి వచ్చేవాళ్ళకు గడి లేకపోవడంతో పై ఆఫీసు కంగారుపడి నన్ను సంజాయిషీ అడిగింది. రెండు పేజీలు రాశాను. అందులో ఉక్కు సంకల్పం లేదు. నోటీసు బోర్డు మీద కాగితం టీచరమ్మ తనే చింపేసింది. దారం చుట్టుకుంటూ నా వైపు ఒకసారి చూసిందంతే. ఆ అమ్మాయి తన కింద చేరిన ఎనిమిది మంది ఇళ్ళకూ వెళ్ళి విషయం చెప్పింది. ఇద్దరు ఇప్పటికీ ఆమెతో మాట్లాడరు. కొన్నాళ్ళకు స్కూటీ మీద నైటీలు, లంగాలు మూట కట్టుకుని వెలిగండ్ల దాకా తిరిగి అమ్మడం మొదలుపెట్టింది. కొలత సరిపోకపోతే అక్కడే విప్పి కుట్టి ఇస్తుంది. ఊళ్ళో అడుగు పెడితే, పోయినసారి పూలది ఉండె గదా, ఇంకోటి ఉందా అని ఆడవాళ్ళే ఎదురొస్తారు. ఆమె కింద ఎవరూ చేరలేదు. ఎదురుగా కొనేవాళ్ళున్నారు. ఆమె మొదటి నుంచీ వ్యాపారస్తురాలే. ఆమె చేతికి ఇచ్చింది మాత్రం వ్యాపారం కాదు.

ఇక మంగళవారం. తెల్లవారగానే ఫోను.

"సార్, మీరు రావాల."

"మీ అత్తకు నువ్వు చెప్పలేవా?"

"నేనే చెప్తా. చెప్పేటప్పుడు మీరు పక్కన ఉండాల. మీ కాయితం చూసే గదా ఆమె ఒప్పుకునింది."

మోటారు సైకిల్ తీశాను. వెళ్ళేసరికి కంపకంచె దొడ్డి ముందు బండి నిలబడి ఉంది. తొమ్మిది గొర్రెలు ఎక్కేశాయి. బేరగాడు పదోదాని చెవి పట్టుకుని ఉన్నాడు. సీనియరన్న ఫారం, పెన్ను సిద్ధంగా పట్టుకుని పేడ తొక్కకుండా నిలబడే చోటు వెతుక్కుంటున్నాడు.

"అత్తా, దించేయమను," అంది అమ్మాయి.

"ఏంది దించేది? నిన్నటి దాకా ఎక్కించమంటివి."

"నిన్న మధ్యాన్నం దాకా అన్నా. తర్వాత మన ఊర్లో తొమ్మిది ఇండ్లు తిరిగినాము. నేనమ్మిన డబ్బాలు మూత కూడా తీయలే అత్తా. నేను అడిగినానని కొన్నారు. నువ్వు కూడా నా మొహం చూసే గొర్రెలు ఇస్తాండావు."

"అయితే నాకు అబద్ధం చెప్పినావా?"

"అబద్ధం కాదత్తా. నాకూ తెల్దు."

మేనత్త నా వైపు తిరిగింది. "మీకు తెలుసు గద సార్. మీరు రాసినారు."

"చూడకుండా రాసినానమ్మా," అన్నాను.

పాతికేళ్ళ సర్వీసులో అంత చిన్న రిపోర్టు ఎప్పుడూ ఇవ్వలేదు. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అట్లనా అంది, అంతే.

సీనియరన్న ముందుకొచ్చాడు. "అత్తా, ఇట్లాంటి టైములోనే గట్టిగా నిలబడాల. జీతగాళ్ళ మాట వినేటోళ్ళు జీవితంలో పైకి రారు." ఆ మాటలో కొంత నిజం ఉంది. నాకు మొత్తం సర్వీసులో రెండే ప్రమోషన్లు.

మేనత్త అతన్ని ఎగాదిగా చూసింది. కోపంగా కాదు, పొట్టేలును చూసినట్టు.

"నాయనా, నాకు ఒకటి చెప్పు. చేరేదానికి నేను చూడి గొర్రెలు అమ్ముతాండా. నా కింద చేరే ఆమె ఏం అమ్మాల?"

"ఆమెకు కూడా ఏదో ఒకటి ఉంటాది గదత్తా. బంగారమో, బర్రెనో."

"ఆమె కింద ఆమె?"

"అట్ల ఆలోచించకూడదత్తా. మైండ్‌సెట్ మార్చుకోవాల."

"అందరూ ఉన్నది అమ్ముకుంటే, ఊర్లో ఇంక పాలల్లో కలుపుకునేదానికి పాలు ఎవురి దగ్గరుంటాయి?"

అతను ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను మూడు రోజులు చెప్పే పాఠం ఆమె అక్కడ నిలబడి మూడు ప్రశ్నల్లో ముగించింది. నాకు నోట్సు రాసుకోవాలనిపించింది, కాగితం లేదు.

"నా డీజిలు ఎవురిస్తారు?" అన్నాడు బేరగాడు, పదోదాని చెవి వదలకుండానే.

"రెండు పొట్టేళ్ళు తోలుకపో. ఎట్లయినా వాటిని ఇయ్యాల్సిందే. చూడివి దించు."

"ఎక్కించేదానికి ఒక కూలి, దించేదానికి ఒక కూలి."

"నువ్వేం దించొద్దులే, మేమే దించుకుంటాం."

ఆ అమ్మాయి చున్నీ నడుముకు బిగించి బండెక్కింది. పైనుంచి ఒక్కొక్కదాన్ని ముందుకు జరుపుతుంటే కింద మేనత్త అందుకుంటోంది. సీనియరన్న తన కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను గట్టున నిలబడి, పరిస్థితి చక్కబడిందని తృప్తి పడుతున్నాను.

"ఏంది సార్, చూస్తాండారు," అంది మేనత్త. "అది బరువుగా ఉండాది, మీరు పట్టుకోండి."

గొర్రెల పెంపకం మీద చాలా బ్యాచ్‌లకు క్లాసు చెప్పాను. బోర్డు మీద గొర్రె బొమ్మ వేసి భాగాలు గుర్తించేవాడిని. గొర్రెను చేతుల్లోకి తీసుకోవడం మాత్రం అదే మొదలు. ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి పొట్ట కింద పెట్టాను. వెచ్చగా, నేననుకున్న దానికి రెట్టింపు బరువు. అది నా చొక్కా మీద ముట్టె ఆనించి ఊపిరి వదిలింది. నా అరచేతి కింద లోపల ఏదో కదిలింది. భయపడి అక్కడే ఆగిపోయాను.

"మెల్లగా దించండి సార్," అంది ఆమె. "దాని కడుపులో ఉండేది ఒకటి కాదు, రెండు."